పడమటి గదికి మూడు కొటేషన్లు

మే 2

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మా ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు వచ్చాడు. పాత మేనేజరు ఎంత మంచివాడో ఇతన్ని చూశాకే తెలిసింది. నీ మరదల్ని మోకాళ్ల నొప్పికి రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి బజారు పనులన్నిటికీ నన్ను నడిపిస్తోంది.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది ఫోన్లో గొడవయ్యాక, ముఖ్యమైనవన్నీ కాగితం మీదే తేల్చుకుందామని అనుకున్నాం కదా. నేను అరగంట మాట్లాడితే నువ్వు “ఊఁ” అంటావు. అది ఒప్పుకోవడమో ఆవలింతో నాకు ఈ వయసుకీ తెలియలేదు. అందుకని రాస్తున్నాను.

నీ దగ్గర ఉంటున్న మా అమ్మాయి గదిలో ఏసీ వేడిగాలి కొడుతోందట. నీళ్లు కారి మంచం కాళ్ల దగ్గర మడుగు కడుతోందట. రాత్రంతా ఆసుపత్రిలో నిలబడి పనిచేసే నర్సు పగలు పడుకోకపోతే ఎలా? అసలే అది పడమటి గది, మధ్యాహ్నానికి గోడలు కాగిపోతాయి. నిద్రలేని కళ్లతో ఒకరి మందు ఇంకొకరికి ఇస్తే అడిగేది దాన్నే గాని మన ఏసీని కాదు.

కాబట్టి బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్నది నెలాఖరులోగా తేలాలి. ఇన్నేళ్లుగా ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూస్తున్నవాణ్ణి, పద్ధతి చెబుతున్నాను, విను. మూడు చోట్ల నుంచి కొటేషన్లు తీసుకోవాలి. నోటిమాట కుదరదు. పాడైన భాగాన్ని విప్పి, షాపులో పరీక్షించి, ఫలానా లోపం అని రాసి సంతకం పెట్టాలి.

తేలకపోతే ఆసుపత్రివాళ్ల నర్సుల హాస్టలు ఉండనే ఉంది. ఒకటో తారీకు నుంచి గదులిస్తున్నారట. చల్లగా ఉంటుంది, డ్యూటీకి నడిచిపోవచ్చు. నీకూ ఇంట్లో అలికిడి ఉండదు, హాయిగా ప్రార్థన చేసుకోవచ్చు.

జవాబు వెంటనే రాయగలవు.

తమ్ముడు

మే 6

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ కొత్త మేనేజరు కోసం ప్రార్థించాను. నువ్వు అతని కింద పనిచేస్తున్నావంటే అవసరం అతనిదే.

మొదటి మెకానిక్కు వచ్చాడు. ఏసీకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అంత ఏకాగ్రత నాకు ప్రార్థనలో కూడా కుదరదు. కాసేపటికి కళ్లు తెరిచి, “గ్యాస్ లేదమ్మా” అన్నాడు.

“లేదని ఎలా తెలిసింది నాయనా?”

“ఉంటే తెలిసేది కదమ్మా!”

నింపితే ఈపూటే అయిపోతుందన్నాడు. నీ పద్ధతి చెప్పాను. “గ్యాస్ నింపడానికి సంతకమా?” అని నన్ను ఎగాదిగా చూశాడు. ఇది మా తమ్ముడి ఆజ్ఞ అన్నాను. “ఆయన లాయరా?” అన్నాడు. అంత చదువుకోలేదు, గొట్టాల ఫ్యాక్టరీలో గొట్టాలు తప్ప మిగతావన్నీ కొంటాడు అన్నాను. సరేనని లోపలి బోర్డు ఊడదీసి పరీక్షకు పట్టుకెళ్లాడు. ఇప్పుడు వేడిగాలి కూడా రావడం లేదు. అంతవరకు బాగుపడినట్టే.

నీ కూతురు బాగానే ఉంది. పొద్దున రాగానే ఒక చెప్పు గుమ్మంలో, ఒకటి వంటింట్లో విప్పుతుంది. నిలబడే తింటుంది. తింటూ రాత్రి వార్డులో జరిగిన సంగతి ఏదో ఒకటి చెబుతుంది. అది సగంలో ఉండగానే నిద్ర వచ్చేస్తుంది. మిగతా సగం నేను సాయంత్రం దాకా ఊహించుకుంటూ ఉంటాను. ఈ రెండేళ్లలో నాకు వినోదం అంటూ ఉంటే ఇదే.

హాస్టలు సంగతంటావా, నీ కూతురు, నీ ఇష్టం. కాదనడానికి నేనెవర్ని?

నీ అక్క

మే 10

అక్కయ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా మేనేజరు గురించి రాసిన వాక్యం నీ మరదలు పైకి చదివి మరీ నవ్వింది. మాడు వాసన కూడా తెలియనంత నవ్వింది, పొయ్యి మీద కూర మాడిపోయింది.

ఒక్క కొటేషనుతో ఏదీ తేలదక్కా. ఒక్కడి మాట మీద కొన్నామంటే రేపు తనిఖీ వచ్చినప్పుడు ఏం చెబుతాం? మన ఇంటికి తనిఖీ రాదని నువ్వంటావు, తెలుసు. పద్ధతి తనిఖీ కోసం కాదు, మన మనశ్శాంతి కోసం. రెండోవాణ్ణి పిలువు. మొదటివాడి అభిప్రాయం చెప్పొద్దు. చెబితే అదే రాసిస్తాడు.

ఇక రెండో విషయం. “నీ కూతురు, నీ ఇష్టం” అన్నావు. అర్థమైంది. పిల్లని తీసుకెళ్లమని నువ్వు నేరుగా అనలేవు కాబట్టి ఇలా అన్నావనుకుంటున్నాను. నీ మరదలూ అదే అంది: “వదిన తన లోకంలో తాను ప్రశాంతంగా ఉండే మనిషి. రెండేళ్లుగా మన పిల్ల భారం మోస్తోంది. మనమే ఆలోచించుకోవాలి గాని ఆవిడ నోరు తెరిచి చెబుతుందా?” నిజమే. చెప్పుల సంగతి, నిలబడి తినడం సంగతి నువ్వు అంత వివరంగా రాస్తే గాని నాకు తట్టలేదు. క్రమశిక్షణ నేర్పకపోవడం మా తప్పే.

హాస్టలు దరఖాస్తు నేనే నింపి పంపించాను. నువ్వు నొచ్చుకోవద్దు.

తమ్ముడు

మే 15

తమ్ముడికి,

భారం అన్న మాట మీ ఇంట్లోంచి వచ్చింది. ఇక్కడెవరూ అనలేదు. మీదే కాబట్టి మీ దగ్గరే ఉంచుకోండి. మరదలికి ఆశీస్సులు. మాడిన కూర నువ్వే తిన్నావని ఆశిస్తున్నాను.

రెండో మెకానిక్కు వచ్చాడు. మెడలో గొలుసు, రెండు చేతులకూ ఉంగరాలు. స్క్రూడ్రైవర్ మాత్రం నన్నడిగాడు. మొదటివాడి అభిప్రాయం చెప్పొద్దన్నావని చెప్పలేదు. మూత తీయగానే, “ఈ బోర్డు ఎవడు పీకాడమ్మా?” అని కేకేశాడు. తెలియదన్నాను. దేవుడు క్షమించుగాక, నీ పద్ధతి కోసం అబద్ధమాడాను.

“గ్యాస్ అని ఎవడైనా అంటే నమ్మకండి. మీ కంప్రెసరు పోయింది” అని తేల్చాడు. గ్యాస్ మాట నేనెత్తలేదు, పోటీవాళ్ల పలుకులన్నీ ఈ వృత్తిలో అందరికీ కంఠతా వచ్చేమో. సంతకం కావాలన్నాను. “షాపులో పెట్టి చూడందే ఎలా రాస్తామమ్మా?” అని కంప్రెసరునీ, దానికి తోడు ఫ్యాన్ మోటారునీ పట్టుకెళ్లాడు. మోసుకెళుతుంటే గొలుసు కంప్రెసరుకు చిక్కుకుంది. ఆ ముడి విప్పి పంపాను.

మొదటివాడి కొటేషను వచ్చింది. సంతకం బాగుంది. దాన్ని ఒప్పుకుంటేనే బోర్డు తెచ్చి బిగిస్తాడట. మూడోది రాకుండా ఒప్పుకోకూడదు కదా, నీ పద్ధతి ప్రకారం? అందుకని బోర్డు ఒకచోట, కంప్రెసరు ఒకచోట, మోటారు దానికి తోడుగా ఉన్నాయి. అక్కాతమ్ముళ్లం మనకన్నా అవే ఎక్కువ తిరుగుతున్నాయి.

పిల్ల నిద్ర గురించి బెంగపడకు. దానికి చోటు మార్చాను. బాగానే పడుకుంటోంది.

దరఖాస్తు పంపేశాక నొచ్చుకోవద్దనడం కూడా ఫ్యాక్టరీ పద్ధతేనా?

నీ అక్క

మే 19

అక్కయ్యకు,

నువ్వు కోపగించుకున్నావో, హాస్యమాడుతున్నావో ఉత్తరంలో తెలియదు. ఫోన్లో కూడా తెలియదనుకో.

వెంటనే చేయాల్సినవి చెబుతున్నాను. మొదటిది, బోర్డు, కంప్రెసరు, మోటారు తీసుకెళ్లినట్టు వాళ్ల దగ్గర రసీదులు తీసుకున్నావా? తీసుకుని ఉండవు. రెండోది, మూడో కొటేషను. ఇప్పుడు ఆపితే ఇంతదాకా పడ్డ శ్రమంతా వృథా. మా ఆఫీసులో ఒకసారి మూడో కొటేషను కోసం ఆగి ఆగి, ఈలోగా ఆ యంత్రం అవసరమే లేకుండా పోయింది. అయినా ఫైలు మాత్రం ముత్యంలా ఉంది.

చోటు మార్చానన్నావు. ఎక్కడికి మార్చావు? హాల్లోనా? హాల్లో వీధి గోల, వంటింటి చప్పుడు, నీ దగ్గరికి వచ్చిపోయేవాళ్లు. ఫోన్లో అడిగితే, “బాగానే పడుకుంటున్నాను నాన్నా” అని ఆవలించింది. హాస్టలుకు వెళతావా అంటే “చూద్దాం” అంది. దానికి ఇష్టమే గాని నువ్వు బాధపడతావని పైకి అనడం లేదు. ఇద్దరూ ఇద్దరే, మనసులో మాట నోటిదాకా రానివ్వరు. మధ్యలో నేను నలుగుతున్నాను.

హాల్లో నిద్ర నిద్ర కాదక్కా. ఒకటో తారీకు ఇంకెంతో దూరం లేదు.

తమ్ముడు

మే 23

తమ్ముడికి,

రసీదులు తీసుకోలేదు. మనుషుల్ని నమ్మడం తప్పని నాకు ఎవరూ రాతపూర్వకంగా ఇవ్వలేదు.

మూడో ఆయన వచ్చాడు. మెకానిక్కు కాదు, పెద్ద షాపు మనిషి. టై కట్టుకుని, చేతిలో రంగురంగుల పుస్తకంతో వచ్చాడు. కుర్చీ వేస్తే దుమ్ము ఉందేమోనని తుడుచుకుని కూర్చున్నాడు. పరీక్షించాలి బాబూ, మా తమ్ముడి షరతు అన్నాను. సరేనని మూత తీశాడు. చాలాసేపు లోపలికి చూశాడు. టార్చి వేసి మళ్లీ చూశాడు. చివరికి టై సర్దుకుని అన్నాడు:

“మేడమ్, ఇందులో ఏమీ లేదు.”

“లోపం ఏమీ లేదా?”

“కాదు మేడమ్. ఏమీ లేదు. ఇది ఏసీ కాదు, డబ్బా.”

అదే రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. గొలుసాయన కాగితం కూడా అందింది, మూడు కొటేషన్లు జతచేశాను. గ్యాస్ పోయిందని ఒకరు, కంప్రెసరు పోయిందని ఒకరు, ఏసీయే పోయిందని ఒకరు. ముగ్గురిలో నిజం చెప్పింది మూడో ఆయనే. కాకపోతే అతను చెప్పేనాటికే అది నిజమైంది. బాగుచేయించాలా, కొత్తది కొనాలా అని అడిగావు. నీ పద్ధతి పుణ్యమా అని ఇప్పుడు బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. నీ ఫైలు కూడా ముత్యంలా ఉంటుంది.

మిగిలింది ఒక్క ప్రశ్న. ఆ గదిలో మనిషి ఉంటే కొత్త ఏసీ కొంటాను. మనిషి లేకపోతే గోడ కన్నానికి అట్టముక్క చాలు. టై ఆయన దగ్గర అట్టముక్కల పుస్తకం లేదట.

పిల్ల హాల్లో పడుకోవడం లేదు.

నీ అక్క

మే 27

అక్కయ్యకు,

అట్టముక్క చాలన్నావు. సరే. హాస్టలువాళ్లు గది ఇచ్చారు. ఒకటో తారీకు చేరాలి. ఆ రోజు వచ్చి సామాను నేనే మారుద్దామనుకున్నాను గాని కొత్త మేనేజరు సెలవివ్వలేదు. అతని కోసం నువ్వు చేసిన ప్రార్థన బాగా పనిచేసింది.

ఇంతవరకు రాసి కవరు అంటించబోతుంటే అమ్మాయి ఫోన్ చేసింది. తనకు తానై చేయడం ఎప్పుడూ లేదు, ఏమైందోనని హడలిపోయాను. “నాన్నా, నేను అత్త ప్రార్థన గదిలో పడుకుంటున్నానని నీకు తెలుసా?” అంది.

నీ ప్రార్థన గదిలోనా!

అక్కా, ఆ గదిలోకి మమ్మల్నెవర్నీ కాలు పెట్టనిచ్చేదానివి కాదు. నీ మరదలు పెళ్లయిన కొత్తలో ఊడవబోతే చీపురు లాక్కున్నావు. ఇంట్లోకెల్లా చల్లగా, చీకటిగా ఉండేది ఆ గదేనని నాకు గుర్తే లేదు. మరి నువ్వెక్కడ కూర్చుంటున్నావని అడిగాను. “నా గదిలో. ఆ డబ్బా ఏసీ కింద. చెమటలు కక్కుతూ. నేను చెబితే వినదు. నువ్వు చెబితే అసలు వినదు” అని పెట్టేసింది.

నాకేమీ అర్థం కాలేదు. నీకు బరువైందనుకుని దాన్ని తీసుకెళ్లిపోవాలని చూస్తున్నాను. నువ్వేమో ఉన్న ఒక్క చల్లటి గదీ దానికిచ్చి కాలే గదిలో కూర్చున్నావు. రెండు ఉత్తరాల్లో ఒక్క ముక్కయినా రాశావా? చోటు మార్చానన్నావు. హాల్లో కాదన్నావు. పొడుపు కథా ఇది?

ఒక్క మాట సూటిగా రాయి. అది అక్కడ ఉండాలా, వద్దా? నీ ఇష్టం అని మాత్రం రాయకు. ఆ మాట రాస్తే ఉత్తరం తిప్పి పంపిస్తాను.

తమ్ముడు

మే 30

తమ్ముడికి,

ఉండాలి.

సూటిగా రాయమన్నావు, రాశాను. అలవాటు లేదు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఒకటో తారీకు దాటిపోతుంది. నీ జవాబు కోసం ఆగితే ఏసీకి పట్టిన గతే నాకూ పడుతుంది, తలో ముక్కా పట్టుకుపోయాక టై కట్టుకున్నవాడెవడో వచ్చి ఈ ఇంట్లో ఏమీ లేదని సంతకం పెడతాడు. అందుకని ఆ మాట నీకంటే ముందు దానికే చెప్పాను.

నిన్న సాయంత్రం అది లేచి అద్దం ముందు జుట్టు ముడేసుకుంటోంది. గుమ్మంలో హాస్టలుకు సర్దిన పెట్టె ఉంది. నేను దువ్వెన అందించడానికి వెళ్లాను. అది అడగలేదు, దానికి వేరే దువ్వెన ఉంది. అయినా వెళ్లాను. “నువ్వు వెళ్లడం నాకిష్టం లేదు” అన్నాను.

అది జుట్టు వదిలేసి ఇటు తిరిగింది.

“ఈ మాట చెప్పడానికి ముగ్గురు మెకానిక్కులు కావాల్సి వచ్చిందా అత్తా?”

“మూడోవాడు మెకానిక్కు కాదు” అన్నాను.

“నేను వెళ్లిపోతే నీకు హాయిగా ఉంటుందని కదా నాన్న అన్నాడు! నిన్ను అడుగుదామంటే గదిలో కళ్లు మూసుకుని ఉంటావు. ప్రార్థనలో ఉన్నావో, చిరాగ్గా ఉన్నావో ఎవరికి తెలుసు? నాకోసం గది ఖాళీ చేస్తే, మర్యాదకి చేశావేమో, త్వరగా వెళ్లిపోవాలేమో అనుకున్నా.”

“వెళ్లిపోవాల్సినవాళ్లకి గది ఎవరిస్తారే?”

“నువ్విస్తావు. నువ్వు ఎవరికైనా ఇస్తావు. అదే కదా సమస్య!” అంది. అని ఏడ్చింది. తర్వాత డ్యూటీకి ఆలస్యమవుతోందని నన్ను తిట్టింది.

పడమటి గదిలో ప్రార్థన ఎలా ఉంటుందో కూడా రాయమంటావా? ఆ వేడిలో నాలుగు మాటల్లో అయిపోతుంది. దేవుడికి కూడా సమయం కలిసొస్తోంది. నాలుగు మాటల్లో మూడు ఒకటే: హాస్టలు నిండిపోవాలి. వినలేదు. ఆయనకూ రాతపూర్వకంగా ఇవ్వాలేమో.

పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది. తీసి పెట్టమని నేననలేదు, తీయనని అదీ అనలేదు. చూద్దాం.

నీ అక్క

జూన్ 4

అక్కా,

అమ్మాయి హాస్టలుకు ఫోన్ చేసి గది వద్దని చెప్పేసిందట. నాకు తర్వాత చెప్పింది. నా సంతకం అడగనే లేదు.

కొత్త ఏసీ పంపిస్తున్నాను. శనివారం మనుషులు వచ్చి బిగిస్తారు. ఒకే షాపు, ఒకే మాట. నువ్వు మెచ్చుకోవాలని రాయడం లేదు, పద్ధతి తప్పినందుకు నాకే నిద్రపట్టడం లేదు.

నీ మరదలు నీతో ఒక మాట చెప్పమంది. భారం అన్నది పిల్ల గురించి కాదట, నీ గురించి బెంగతో అందట. నువ్వు నమ్మకపోయినా పరవాలేదు, రాయమంది కాబట్టి రాశాను.

మేమిద్దరం వచ్చే నెల వస్తాం. నువ్వు చెప్పినచోట పడుకుంటాం.

తమ్ముడు

జూన్ 10

తమ్ముడికి, మరదలికి అక్క ఆశీస్సులు.

ఏసీ వచ్చింది. బిగించినవాళ్లు ఇద్దరూ నోరు మెదపకుండా పనిచేసి వెళ్లారు. ముగ్గురు మాటకారుల తర్వాత ఇల్లు ఎంత నిశ్శబ్దంగా అనిపించిందో చెప్పలేను. వాళ్లు వెళ్లాక గొలుసాయన వచ్చి పాత కంప్రెసరు గుమ్మంలో దింపి, “బాగానే ఉందమ్మా ఇది, లోపం బోర్డులోనే” అన్నాడు. థ్యాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను?

మరదలి మాట నమ్మాను. బెంగ పడేవాళ్లు ఇద్దరున్నారని తెలిస్తే ఎవరికి చేదు? ఈసారి బెంగ కూడా సూటిగా రాయమని చెప్పు.

పడమటి గది ఇప్పుడు మంచులా ఉంది. నీ కూతుర్ని తన గదికి వెళ్లమన్నాను. చాపా, దిండూ పట్టుకుని నా ప్రార్థన గదిలోంచి కదలనంది.

“నీకు ఏసీ కావాలనే కదే మీ నాన్న ఇంత చేసింది?”

“నాన్నకి ఏసీ కావాలి. నాకు నిద్ర కావాలి. నాకిక్కడ పడుతోంది.”

“మరి నేనెక్కడ కూర్చోను?”

“అక్కడే. చల్లగా కూర్చో. ఇన్నాళ్లూ నాలుగు మాటల్లో ముగించావట కదా, ఆ బాకీ అంతా తీర్చుకో.”

నేను నీకు రాసిన ఉత్తరాలు నువ్వు దానికి ఫోన్లో చదివి వినిపిస్తున్నావని అర్థమైంది. కానివ్వు.

కాబట్టి తమ్ముడూ, నీ కూతురి నిద్ర కోసం నువ్వు పంపిన ఏసీ కింద నేను శాలువా కప్పుకుని ప్రార్థన చేస్తున్నాను. రిమోటులో ఏ మీట నొక్కినా ఇంకా చల్లబడుతోంది. మీరు వచ్చినప్పుడు ఈ గదిలోనే పడుకుందురు గాని, రెండేసి దుప్పట్లు తెచ్చుకోండి.

ఇక ఆపుతాను. పక్క గదిలో దాని అలారం మోగుతోంది. ఎంతసేపు మోగినా అది లేవదు. నేను వెళ్లి లేపాలి.

నీ అక్క